లెగసీ గార్డెన్‌లో ఆరు గుంతలు

"యూదులంటే ఏం కులం బిడ్డా?"

లాల్‌దర్వాజాలో ఇల్లు కిరాయికి అడగడానికి వచ్చిన కెజియాను బసవయ్య అడిగిన మొదటి మాట అది. ఆయనది మూడు తరాల స్టీలు సామాన్ల దుకాణం. దుకాణం మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. అడ్వాన్సు ఎంత, నీళ్లు ఎంత వాడతారు, చుట్టాల రాకపోకలు ఎక్కువా అనేవి తర్వాతి సంగతులు. ముందు ఇది తేలాలి.

"శనారం పని చెయ్యని కులం బాపు," అంది కెజియా.

"శనారం చెయ్యరా? మరి ఆయితారం?"

"ఆయితారం దుకాణంల పది గంటలు నిలబడ్త."

"గిదేం కులమో," అంటూ బసవయ్య తాళంచెవి ఇచ్చాడు. ఐదో తారీఖు లోపల కిరాయి ఇచ్చే కులమైతే ఆయనకు మిగతా ఫికర్ లేదు. ఎదురింటివాళ్లు ఆరా తీస్తే, "ఆంధ్ర దిక్కోళ్లు. శుక్రారం పొద్దుగూకినంక పొయ్యి ముట్టియ్యరట. మందిని సతాయించరు," అని చెప్పి పంపేశాడు. యూదు మతం గురించి ఆ గల్లీలో ఇంతకంటే క్లుప్తంగా, ఇంతకంటే తక్కువ తప్పులతో ఎవరూ చెప్పలేదు. తర్వాత వచ్చిన నిపుణులు నూట ఇరవై స్లయిడ్లు వేసి కూడా ఇంత దూరం రాలేకపోయారు. ఆ నిపుణుల సంగతే ఇది.

కెజియాకు ఇరవై ఏడేళ్లు. పుట్టింది తెనాలి దగ్గరి ఒక పల్లెలో. ఆమెకు ఆరేళ్లప్పుడు తండ్రి తాపీపనికి నగరానికి వస్తూ కుటుంబాన్ని వెంట తెచ్చాడు. ఇప్పుడు చాంద్రాయణగుట్టలో ఫ్లైఓవర్ కింద మందుల దుకాణంలో కౌంటర్ మీద పని చేస్తుంది. శనివారం సెలవు కోసం ఓనర్‌తో ఒక ఒప్పందం చేసుకుంది: ఆదివారాలన్నీ ఆమెవే, దసరా ఆమెదే, రంజాన్ ఆమెదే, దీపావళి ఆమెదే. ఊరంతా పండుగ చేసుకునే రోజున కడుపునొప్పి మాత్రలు అమ్మే మనిషి ఆమె. తన పండుగ వచ్చినప్పుడు మాత్రం జీతం కోత.

ఇట్లాంటి కుటుంబాలు నగరంలో పదకొండు ఉన్నాయి. అన్నీ కోస్తా నుంచి వచ్చినవే. రెండు తరాల కింద వాళ్ల పెద్దలు చర్చి వదిలి, తాము యూదులమని తేల్చుకున్నారు. ఎందుకు, ఎట్లా అని అడిగేవాళ్లకు చెప్పడానికి ఒక గంట కథ ఉంది. అడగనివాళ్లకు ఆ గంట మిగులుతుంది. ఆధార్ కార్డు మీద ఒక పేరు, ప్రార్థనలో ఇంకో పేరు, కులం సర్టిఫికెట్ మీద హిందూ అన్న మాట. మూడూ ఒకే మనిషివి. ఇందులో కపటం వెతికే పెద్దమనుషులు జీవితంలో ఒక్కసారి కూడా స్కాలర్‌షిప్ ఫారం నింపి ఉండరు. శనివారాల్లో ఈ పదకొండు కుటుంబాలూ మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక, షడ్రక్ మాస్టారి మేడ మీద కూడుతాయి. మాస్టారు రిటైరైన లెక్కల టీచరు. ప్రార్థన చదివేదీ ఆయనే, హాజరు వేసేదీ ఆయనే.

కెజియా తండ్రి మూడేళ్ల కింద పోయాడు. పోయింది గురువారం. ఎక్కడ పూడ్చాలన్న ప్రశ్న అప్పుడు మొదలైంది. చర్చి సమాధుల దగ్గర పాస్టరు ఉత్తరం అడిగారు. బస్తీ శ్మశానంలో కులపెద్ద మాట అడిగారు. ఒక చోట వాచ్‌మన్, "ముందు మీరు ఎవరో డిసైడ్ చేస్కొని రాండ్రి," అన్నాడు. చివరికి అంబులెన్స్ మాట్లాడి మూడువందల కిలోమీటర్లు తీసుకుపోయారు. పల్లె చేరేసరికి శుక్రవారం చీకటి పడింది. వాళ్ల విశ్రాంతి దినం, సబ్బాతు, మొదలైతే గుంత తవ్వకూడదు. ఆదివారం పొద్దున దాకా ఆమె తల్లి ఐసు దిమ్మెల పక్కన కూర్చుంది.

అది కళ్లారా చూసిన మనిషి నాగమణమ్మ. కార్డు మీద నాగమణమ్మ, ప్రార్థనలో నయోమి. మాదన్నపేట మార్కెట్లో నలభై ఏళ్లు ఆకుకూరలు అమ్మింది. ఆ పదకొండు కుటుంబాల్లో చనిపోయిన ఆడవాళ్లకు స్నానం చేయించే పని ఆమెది. ఎప్పుడో బొంబాయి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ దగ్గర నేర్చుకుంది. తర్వాత కెజియాకూ, కెజియా తల్లికీ నేర్పింది. తను పోయాక తొడగడానికి తెల్ల మల్లుగుడ్డతో బట్టలు కూడా కుట్టిపెట్టుకుంది. వాటికి జేబులు ఉండవు.

"నన్ను మీ నాయన్ని తీసుకుపోయినట్టు ఐసులో పెట్టి చేపల్లాగా తీసుకుపోమాకే పిల్లా," అనేది ఆమె. "ఈ ఊళ్లో నలభై ఏళ్లు గోంగూర అమ్మినాను. ఈ ఊళ్లోనే పూడ్చండి. కాల్చనియ్యమాక. సిలువ పెట్టనియ్యమాక. పేరు నయోమి అని రాయించు."

"ఎప్పుడు పోతవో చెప్పు మామ్మా, లీవు పెట్టుకుంట."

"శనివారం మాత్రం పోనులే. నీకు ఇబ్బంది."

కెజియా నవ్వింది గాని మాట ఇచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్ల ముసలామెకు, గుండె సరిగ్గా కొట్టుకోని ముసలామెకు, ఊళ్లో అడుగు జాగా లేనివాళ్లు ఇచ్చిన మాట అది.

ఫెలోషిప్ సరిగ్గా ఆ సమయంలోనే ఊడిపడింది. దాని పూర్తి పేరు ఒక ఊపిరిలో పలకలేం. యువ యూదులను సేవకూ నాయకత్వానికీ తయారు చేస్తుందని మాత్రం అర్థమవుతుంది. డబ్బు విదేశాల్లోని ఒక ఫౌండేషన్‌ది. నడిపేది గచ్చిబౌలిలోని ఒక కన్సల్టెన్సీ. ఆ కన్సల్టెన్సీలో ఈ పని చూసే మనిషి దీక్షిత్. యూదుడు కాడు, అందులో తప్పేమీ లేదు. అంతకు ముందు ఏడాది ఆయన పసుపు రైతులకు నాయకత్వం నేర్పాడు. స్లయిడ్లు అవే. పసుపు కొమ్ము బొమ్మ తీసి యూదుల కొవ్వొత్తుల స్టాండు బొమ్మ పెట్టాడు.

పన్నెండు మందిని ఎంపిక చేశారు. ముంబై, థానే, కొచ్చి, అహ్మదాబాద్, ఇద్దరు బయటి దేశాల వాళ్లు. తెలుగు మాట్లాడే యూదు అమ్మాయి ఒకతె ఉంటే బ్రోషర్‌కు అందం వస్తుందని కెజియాను తీసుకున్నారు. ఈ మాట ఎవరూ అనలేదు. బ్రోషర్ మీద ఆమె ఫోటో ఎంత పెద్దదో చూసినవాళ్లకు అనాల్సిన అవసరం లేదు.

శామీర్‌పేట రిసార్టులో మూడు రోజుల శిక్షణ. ఉన్ని ఉండ ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. కళ్లు మూసుకుని పక్కవాడి మీద పడ్డారు. మీలోని నాయకుడు ఏ జంతువో రాయమన్నారు. తక్కినవాళ్లు డేగ, సింహం, ఏనుగు రాశారు. కెజియా గాడిద అని రాసింది.

"బ్యూటిఫుల్," అన్నాడు దీక్షిత్. "ఇందులో హ్యుమిలిటీ ఉంది చూశారా."

"బరువు మోస్తది సార్. గంతే."

సేవ అనే మాట ఆ మూడు రోజుల్లో ఎన్నిసార్లు వినిపించిందో లెక్కలేదు. గిన్నెలు మాత్రం రిసార్టు పనివాళ్లే కడిగారు.

ప్రతి ఫెలో ఒక ప్రాజెక్టు చెయ్యాలి. దానికి అరవై వేలు. సగం ముందు, సగం పని అయ్యాక. కెజియా ఆలోచించుకోవాల్సిన పని లేకపోయింది. ఆరు సమాధులకు జాగా కావాలని ఒక పేజీ రాసి ఇచ్చింది. దీక్షిత్ ఆ పేజీని వేలికొసలతో పట్టుకున్నాడు.

"కెజియా గారూ, ఐడియా చాలా పవర్‌ఫుల్. కానీ డెత్ కొంచెం హెవీ కదండీ. డోనర్లు చూడాలనుకునేది లైఫ్. లేక్ క్లీనింగ్ ఆలోచించారా? మీ వాళ్ల ఫుడ్ ఫెస్టివల్?"

"మా వాళ్ల ఫుడ్డు పప్పుచారు సార్. దానికి ఫెస్టివల్ ఎందుకు. మావోళ్లు సస్తే పెట్టనీకి జాగా లేదు."

"అర్థమైంది. మరి పాజిటివ్‌గా ఫ్రేమ్ చేద్దాం. గ్రేవ్ అనే మాట వద్దు. లెగసీ గార్డెన్. ఎలా ఉంది?"

"గుంతలుంటయా అందుల?"

"గార్డెన్‌లో అన్నీ ఉంటాయండీ."

ఆమె సంతకం పెట్టింది. చేసిన తప్పు ఇదే. ఇంకొకరైతే ఆ పేరు దగ్గర ఆగి, ఇదేం పేరు, అసలు సంగతి కాగితం మీద పెట్టండి అని లొల్లి పెట్టేవాళ్లు. కెజియాకు అది తట్టలేదు. పుట్టినప్పటి నుంచి కార్డు మీద ఒక పేరు, ఇంట్లో ఒక పేరు పెట్టుకుని బతికిన మనిషి ఆమె. పైన ఏం రాసి ఉన్నా లోపలి మనిషి మారడన్నది ఆమె అనుభవం. ఆఫీసులకు కావాల్సిన పేరు వాటికి ఇచ్చేసి, తన పని తాను చేసుకోవడం తల్లి దగ్గర నేర్చుకున్న విద్య. కన్సల్టెన్సీల్లో వ్యవహారం తిరగబడి ఉంటుందని, అక్కడ పేరు రాసుకున్నాక ఆ పేరుకు తగ్గట్టు నేలను మారుస్తారని ఆమెకు ఎవరు చెప్పాలి.

ఫారంలో ఇంకొన్ని గళ్లు ఉన్నాయి. లబ్ధిదారుల సంఖ్య: ఆరు. ఆరు నెలల తర్వాత లబ్ధిదారు జీవితంలో వచ్చిన మార్పు: కెజియా ఖాళీగా వదిలేసింది. దీక్షిత్ తానే నింపాడు, సొంతమన్న భావన పెరుగుతుందని.

మొదటి ముప్పై వేలు రాగానే ఆమె దుర్గయ్య దగ్గరికి పోయింది. చాంద్రాయణగుట్ట దాటాక లోపలికి ఉన్న ఒక చిన్న శ్మశానానికి ఆయన కమిటీ అధ్యక్షుడు. అక్కడ పూడ్చేవాళ్లూ ఉన్నారు, కాల్చేవాళ్లూ ఉన్నారు. వెనక గోడ వారన జాగా ఖాళీగా పడి ఉంది.

"ఆరు గుంతలా? ఒక్కపారే?" అన్నాడు దుర్గయ్య. "ఏమన్న బీమారి వచ్చిందా మీ ఇండ్లల్ల?"

"లేదన్నా. అడ్వాన్స్ బుకింగ్."

"సాల్కు ఎంతమంది పోతరు?"

"ఏడాదికో, రెండేండ్లకో ఒకరు. అందరం వస్తంలే అన్నా, తొందరేం లేదు."

నలభై ఎనిమిది వేలకు బేరం తెగింది. ముప్పై వేలు అప్పుడే ఇచ్చింది. తక్కిన పద్దెనిమిది వేలు రెండో సగం రాగానే, డిసెంబరు లోపల. దుర్గయ్య రసీదు రాసిచ్చాడు: వెనక గోడ వారన, వేపచెట్టు నుంచి పంపు దాకా, ఆరు గుంతల జాగా, యూదు బిడ్డలకు. ఈ మొత్తం వ్యవహారంలో ఉన్నదున్నట్టు రాసిన కాగితం అదొక్కటే. నాగమణమ్మ ఆ రసీదు చదివించుకుని విని, పంపు పక్కది తనదని చెప్పింది. ఆకుకూరల మనిషి, నీళ్లు దగ్గరుండాలట.

నవంబరులో ఫెలోషిప్ వాళ్ల సేవాదినం. పన్నెండు మందీ, ఇంకో ముప్పై మంది ఐటీ కంపెనీ వాలంటీర్లూ కలిసి లెగసీ గార్డెన్‌ను తీర్చిదిద్దాలి. తేదీ చూసి కెజియా ఫోన్ చేసింది.

"సార్, అది శనారం."

"అవునండీ, వీకెండ్. అప్పుడే వాలంటీర్లు దొరుకుతారు. సండే బస్ దొరకలేదు."

"ఇది యూదుల ప్రోగ్రామే కద సార్."

"అందుకే మనం ఇన్‌క్లూజివ్‌గా ఉండాలి. కొంచెం ఫ్లెక్సిబిలిటీ అలవాటు చేసుకోవాలండీ, లీడర్ అన్నాక."

ఆమె పోలేదు. ఆ పూట మాదన్నపేటలో మేడ మీద ప్రార్థనలో ఉంది. ఫెలోషిప్ రిజిస్టరులో గైర్హాజరు పడింది, నాయకత్వ మార్కులు తగ్గాయి. యూదు నాయకత్వానికి పెట్టిన పరీక్షలో, సబ్బాతు పాటించినందుకు మార్కులు పోగొట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే కావచ్చు.

ఆదివారం దుకాణం కట్టేసి శ్మశానానికి పోయి చూసింది. వెనక గోడ మీద రంగులతో వేసిన పావురం బొమ్మ, దాని ముక్కున ఆకు. వేపచెట్టు నుంచి పంపు దాకా సిమెంటు కుండీలు పాతి వాటిలో పూలమొక్కలు. పంపు పక్కన సిమెంటు దిమ్మె పోసి, దాని మీద నల్లరాతి బెంచీ. బెంచీ మీద డోనరు పేరు. గార్డెన్ అని రాసుకున్నారు, గార్డెన్ చేశారు. దుర్గయ్యను అడిగితే, "మీ వోళ్లే కద, పైసలిచ్చినోళ్లు, నీకు తెల్సే చేస్తున్నరనుకున్న," అన్నాడు. ఆయన తప్పు లేదు.

"బెంచీ ఎక్కడ పెట్టిన్రో తెల్సా సార్?" అని దీక్షిత్‌ను అడిగింది.

"చూశాను, బ్యూటిఫుల్ స్పాట్. కూర్చుని రిఫ్లెక్ట్ అవ్వడానికి."

"ఎవరి మీద కూర్చొని?"

దీక్షిత్ చాలా మర్యాదగా, డిసెంబరు మొదటి ఆదివారం డోనర్లు చూడటానికి వస్తున్నారని, వాళ్లు చూసిపోయాక అన్నీ సర్దిస్తానని, అప్పటిదాకా ఒక్క కుండీ కూడా కదపొద్దని చెప్పాడు. మూడు వారాలే కదా అన్నాడు. కెజియా ఒప్పుకుంది. ముసలామె అప్పటికి మెంతికూర ఇంత ధరా అని మార్కెట్‌కు పోయి తగాదా పెట్టుకునేంత బాగానే ఉంది.

డోనర్లు వచ్చే ఆదివారానికి రెండు రోజుల ముందు, శుక్రవారం పొద్దున ఏడున్నరకు, నాగమణమ్మ మాదన్నపేటలోని తన ఇంట్లో చాయ్ తాగుతూ పోయింది. శనివారం పోనన్న మాట నిలబెట్టుకుంది గాని, మిగిల్చిన సమయం పది గంటలు. డిసెంబరు పొద్దు ఐదూ ముప్పావుకల్లా గూకుతుంది. ఆలోపల కడగాలి, తొడగాలి, మొయ్యాలి, పూడ్చాలి. లేదంటే ఆదివారం దాకా ఐసు.

గుంత తవ్వించమని దుర్గయ్యకు, రానని దుకాణానికి కెజియా ఫోన్ చేసింది. బసవయ్య దగ్గరికి దిగివచ్చి మూడు పెద్ద స్టీలు బకెట్లు కావాలంది.

"వాపస్ ఇస్తవా?"

"ఇస్త గని, మళ్ల అమ్మలేవు బాపు. సచ్చినామెకు నీళ్లు పొయ్యనీకి."

"ఎవరు?"

"నాగమణమ్మ."

బసవయ్య బకెట్ల మీది స్టిక్కర్లు గోటితో గీకి తీసేశాడు. "పదిహేనేండ్ల సంది నా దగ్గర గిన్నెలు కొన్నది. ఒక్కపారి గూడ అడిగిన రేటు ఇయ్యలే," అన్నాడు. అంతకంటే సంతాపం ప్రకటించడం ఆయనకు చేతకాదు.

స్నానానికి రెండో ఆడమనిషి కావాలి. తల్లి కుడిచెయ్యికి పిండికట్టు ఉంది. నేర్చుకున్నవాళ్లలో ఇక ఎవరూ లేరు. ఆదివారం కార్యక్రమం కోసం ఫెలోలు ముందుగానే వచ్చి హోటల్లో దిగి ఉన్నారు. వాళ్లలో థానే అమ్మాయి తలియాకు ఫోన్ చేసింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, సేవాదినం నాడు పావురానికి రంగు వేసింది ఆమే. తెలుగు రాదు. ఇద్దరూ హిందీలోనే మాట్లాడుకునేవాళ్లు.

పదకొండున్నరకు తలియా ఫెలోషిప్ టీషర్టులో వచ్చింది. వీపు మీద 'నేను నడిపిస్తాను' అని ఇంగ్లీషులో రాసి ఉంది.

పద్ధతి కష్టమైనది కాదు, ఖచ్చితమైనది. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు. కడిగే భాగం ఒక్కటే బయట ఉండాలి, తక్కినదంతా కప్పి ఉండాలి. ఆమె మీదుగా చెయ్యి చాపి ఏదీ అందుకోకూడదు, చుట్టూ తిరిగి రావాలి. చివరికి మూడు బకెట్ల నీళ్లు తల నుంచి పాదాల దాకా ధార తెగకుండా పొయ్యాలి. ఒక బకెట్ అడుగు కనిపించకముందే రెండోది మొదలవ్వాలి. ధార తెగితే మళ్లీ మొదటి నుంచి. మాదన్నపేటలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, ఆ రోజు రాని రోజు. డ్రమ్ములో ఆరు బకెట్ల నీళ్లున్నాయి. అంటే రెండే అవకాశాలు.

మొదటిసారి తెగింది. తలియా జేబులో ఫోన్ గుర్రుమంది, ఆమె చెయ్యి ఆగింది.

కెజియా ఆ ఫోన్ తీసుకుని బయట అరుగు మీద పెట్టి వచ్చింది. మూడు బకెట్లూ మళ్లీ నింపింది. "దేఖ్, మై అడుగు కనిపించకముందే ఆంఖ్ సే బోలూంగీ, తూ షురూ కర్," అంది, తొందరలో రెండు భాషలూ కలిపేస్తూ. తాను కంటితో సైగ చేస్తే మొదలుపెట్టమని. రెండోసారి ధార తెగలేదు. తర్వాత జేబుల్లేని బట్టలు తొడిగారు. ఏదైనా తప్పు చేసి ఉంటే మన్నించమని నయోమి అనే పేరు పెట్టి అడిగారు, అది కూడా పద్ధతే.

చేతులు కడుక్కుంటూ తలియా అడిగింది: "యే ప్రాజెక్ట్ అవర్స్ మే గినా జాయేగా క్యా?" ప్రాజెక్టు గంటల్లో ఇది కలుస్తుందా అని. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. ఐదు నెలలు గంటలు లెక్కపెట్టించిన చదువు మరి.

"ముర్దా సైన్ కరేతో గినేంగే," అంది కెజియా. చచ్చినామె సంతకం పెడితే.

తలియా నవ్వింది, తర్వాత ఏడ్చింది. రెండింటికీ సమయం లేదు, ఎందుకంటే అరుగు మీది ఫోన్‌తో పాటు కెజియా ఫోన్ కూడా అప్పటికి తొమ్మిదిసార్లు మోగింది. దుర్గయ్య.

"బిడ్డా, గుంత తవ్వనీకి ఎల్లప్ప గడ్డపార పట్టుకొని నిలబడ్డడు. పంపు కాడ బెంచీ ఉండె. మీ సారు మనిషి వచ్చి ఏదీ ముట్టద్దంటున్నడు, ఆయితారం దాంక. ఏం చెయ్యాలె?"

రెండు దాటింది. కెజియా దీక్షిత్‌కు ఫోన్ చేసింది.

"చాలా సారీ అండీ. ఫ్యామిలీకి నా కండొలెన్సెస్ చెప్పండి," అన్నాడు ఆయన. "ఇంకో చోట చూడొచ్చు కదా?"

"జాగా కొన్నదే అది సార్. పైసలిచ్చింది మీరే."

"ప్లీజ్, సిచ్యుయేషన్ అర్థం చేసుకోండి. సండే విజిట్. ఫ్రీజర్ బాక్స్ మా ఖర్చు. మండే ఫస్ట్ అవర్ నేనే దగ్గరుండి బెంచ్ తీయిస్తా."

"మాకు ఇయ్యాల్నే పూడ్చాలె. పొద్దుగూకక ముందు."

"రెండు రోజులే కదండీ."

"సార్, మీ స్లయిడ్ల ఉండె, మూడో రోజు చూపించిన్రు. చనిపోయినవాళ్లను ఆలస్యం చెయ్యకుండ పూడ్చుడు యూదుల విలువ అని. పక్కన పువ్వు బొమ్మ గూడ ఉండె."

"అది వాల్యూస్ మాడ్యూల్ అండీ," అన్నాడు దీక్షిత్. "ఇది ఎగ్జిక్యూషన్."

ఆయన ఆ మాట సిగ్గుపడుతూ అనలేదు. తేడా తెలియనివాళ్లకు ఓపికగా వివరించే గొంతుతో అన్నాడు. మోసగాడు కాడు, రాయి మనసువాడు కూడా కాడు. ఫ్రీజర్ బాక్స్ డబ్బు తన జేబులోంచి ఇచ్చేవాడు కూడా. ఒక సేవను సేవలాగా కనిపించేట్టు చెయ్యడమే ఆయన ఉద్యోగం, ఆ ఉద్యోగానికి శవం అడ్డం వచ్చింది.

"బెంచీ తీస్తున్నం సార్," అని కెజియా ఫోన్ పెట్టేసింది.

అది చెప్పినంత తేలిక కాదు. నల్లరాయి సిమెంటులో దిగి ఉంది. ఎల్లప్ప ఒక్కడి వల్ల కాదు. పైగా దీక్షిత్ పంపిన మనిషి బెంచీ మీదే కూర్చున్నాడు. సంగతి తెలిసి మూడున్నరకు బసవయ్య ట్రాలీ ఆటోలో దిగాడు. దుకాణంలో మూటలు మోసే ఇద్దరు హమాలీలు, రెండు గడ్డపారలు, ఒక సుత్తి. మూడు తరాల్లో పండుగ కాని రోజున ఆ దుకాణం మధ్యాహ్నం మూత పడింది అప్పుడేనట.

"లే భాయ్," అన్నాడు బెంచీ మీది మనిషితో. "బేరం ఆడి ఆడి నన్ను సంపిన మనిషి ఆమె. గసొంటామెను మీరు ఐసు డబ్బల పెడ్తరా?"

"సార్, డోనర్ పేరు ఉంది దీని మీద."

"ఉండని. పేరు ఎటూ పోదు. నువ్వు లే."

లేచాడు. నాలుగో దెబ్బకు రాయి రెండు ముక్కలైంది. దిమ్మె పెకలడానికి ఇంకో నలభై నిమిషాలు పట్టింది. పూలమొక్కలను హమాలీలు జాగ్రత్తగా తీసి గోడ పక్కన పెట్టారు. వాటి మీద ఎవరికీ కోపం లేదు.

ఐదు దాటాక గుంత సిద్ధమైంది. పదకొండు కుటుంబాల నుంచి వచ్చిన మగవాళ్లు తొమ్మిది మంది. కద్దీష్ అనే ప్రార్థన చదవాలంటే పదిమంది మగవాళ్లు ఉండాలి. పదోవాడు, షడ్రక్ మాస్టారి తమ్ముడు, దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. మాస్టారు గడియారం చూశాడు, గేటు చూశాడు, మళ్లీ మనుషులను లెక్కపెట్టాడు. లెక్కల టీచరు కదా, మూడుసార్లు పెట్టినా తొమ్మిదే వచ్చింది. పొద్దుటి నుంచి ఈ అంత్యక్రియలను తల మీద మోస్తున్న మనిషి ఆయనకు ఎదురుగా, మోచేతుల దాకా మట్టితో నిలబడి ఉంది. ఆమెను లెక్కలో వేద్దామన్న ఆలోచన ఆ తొమ్మిది తలల్లో ఒక్కదానికీ రాలేదు. ఫెలోషిప్ వాళ్లు ఐదు నెలలు నాయకురాలివని చప్పట్లు కొట్టారు, సొంతవాళ్లు ఐదు నిమిషాలు మనిషిగా లెక్కపెట్టలేకపోయారు. ఎవరిని ఎక్కువ తిట్టాలో తేల్చడం కష్టం.

"ఇంకొక్క పది నిమిషాలు చూద్దామమ్మా," అన్నాడు మాస్టారు.

"లెక్క మీరు తర్వాత చూస్కోండి మాస్టారూ. ముందు మట్టెయ్యండి," అంది కెజియా.

ఆయన మట్టి వేశాడు. పార వెనక వైపుతో, పద్ధతి ప్రకారం. తర్వాత అందరూ. తలియా కూడా. కద్దీష్ బదులు మాస్టారు ఒక కీర్తన చదివాడు, తెలుగులో. ఐదూ ముప్పై ఐదుకు పని పూర్తయింది. ఒక రేకు పలక మీద ఎల్లప్ప సున్నంతో నయోమి అని రాశాడు. 'మి'కి గుడి పెట్టడం మరిచిపోతే బసవయ్య దిద్దించాడు. పొద్దుగూకేసరికి కెజియా నడిచి ఇంటికి పోతూ ఉంది, ఆ రోజు ఇక బండి ఎక్కదు కాబట్టి.

ఆదివారం డోనర్లు వచ్చారు. వయసు మళ్లిన భార్యాభర్తలు. వాళ్లను శ్మశానానికి తీసుకుపోకుండా, రోడ్డు పని జరుగుతోందని చెప్పి, దీక్షిత్ ఒక బడి గోడకు వేసిన బొమ్మలు చూపించాడు. సమాధి సంగతి చెబితే వాళ్లు ఏమనేవాళ్లో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ చెప్పలేదు. బహుశా యూదుల ఆచారం ప్రకారం కొత్త సమాధి మీద పెట్టడానికి తలా ఒక రాయి ఏరుకునేవాళ్లు. అట్లాంటి ప్రమాదం జరగకుండా దీక్షిత్ చూసుకున్నాడు. ముగింపు సభలో తలియా లేచి ఏదో చెప్పబోతే, సమయం లేదని మైకు మార్చారు. ఆమె థానే పోయాక కెజియాకు ఫోన్ చేసి, ఆ జేబుల్లేని బట్టలకు మల్లుగుడ్డ ఎన్ని మీటర్లు పడుతుందని అడిగింది. ఆ ఫెలోషిప్ మొత్తంలో ఎవరైనా నేర్చుకున్నది ఏదైనా ఉంటే అది ఆ కొలత.

వార్షిక నివేదికలో లెగసీ గార్డెన్‌కు అర పేజీ దక్కింది. ఫోటో సేవాదినం నాటిది, బెంచీ చెక్కుచెదరకుండా ఉంది. "ఉద్యానం సమాజ వినియోగంలోకి వచ్చింది," అని కింద రాశారు. అబద్ధమని అనడానికి వీల్లేదు.

కెజియాకు మాత్రం ఒక మెయిల్ వచ్చింది. ప్రాజెక్టు ఆస్తికి నష్టం, సేవాదినానికి గైర్హాజరు, లబ్ధిదారుల అభిప్రాయ పత్రం జత చేయకపోవడం. ఈ మూడు కారణాల వల్ల రెండో విడత ముప్పై వేలు నిలిపివేశారు. ఆమె ఆ మెయిల్ చదివి, లబ్ధిదారు అభిప్రాయం కావాలంటే పంపు పక్కన అడగమని జవాబు రాసింది. ఆ జవాబుకు జవాబు రాలేదు.

డిసెంబరు పోయింది, జనవరి పోయింది. దుర్గయ్య గట్టిగా అడగడు, దుకాణానికి వచ్చి గ్యాస్ మాత్రలు కొని, "నీ వీలు చూస్కో బిడ్డా," అని పోతాడు. రాసిచ్చిన రసీదు ప్రకారం ఆయనకు రావాల్సింది పద్దెనిమిది వేలు. కెజియా జీతంలోంచి రెండు నెలలు రెండేసి వేలు కట్టింది. పద్నాలుగు వేలు ఇంకా బాకీ.